ఇరవై ఒకటో కాలు

కొత్త చుట్టాలెవరైనా ఇంటికి వస్తే మా ఆవిడ నన్ను ఇట్లా పరిచయం చేస్తుంది: "మా ఆయన లెక్కల సారే గని, ఇరవై ఒకటి దాక లెక్కపెట్టరాదు." వాళ్లు నవ్వుతారు. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి నేనూ నవ్వుతాను.

మనూర్ వైపు ఒక ప్రభుత్వ బడిలో నేను లెక్కలు చెబుతాను. ఇల్లు నారాయణఖేడ్‌లో. పొద్దున బస్సు దొరికితే బస్సు, లేకపోతే షేర్ ఆటో. మా ఆవిడ ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు, పిల్లల గౌన్లు, మా చర్చిలో పాడేవాళ్లకు తెల్లటి అంగీలు కుడుతుంది. క్రిస్మస్ ముందు నెలంతా ఆమెకు తల ఎత్తే తీరిక ఉండదు. ఆ నెలలో ఇంటికి సున్నం వేయించడం, సామాను దించి మళ్లీ సర్దడం నా వంతు. రెండేళ్ల కింద అట్లా సర్దుతుంటే అటక మీది ఇనప్పెట్టెలో, పాత దుప్పట్ల అడుగున, నా చిన్నప్పటి టీవీ గేమ్ దొరికింది.

నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్న బీదర్ పోయినప్పుడు తెచ్చిన డబ్బా అది. ఎరుపూ తెలుపూ ప్లాస్టిక్, పక్కల రెండు రిమోట్లు, పైన దూర్చడానికి ఒక పసుపుపచ్చ కేసెట్. కేసెట్ మీద వందల ఆటలని రాసి ఉండేది. నిజానికి అవే నాలుగు ఆటలు పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. ఆ నాలుగింటిలో ఒకటంటే నాకు పిచ్చి. ఇటుకల కోట ఒకటుంటుంది. శత్రువుల ట్యాంకులు వచ్చి దాన్ని కూలగొట్టకుండా మన ట్యాంకుతో కాపాడుకోవాలి. మన ట్యాంకుకు మూడే ప్రాణాలుంటాయి.

దుమ్ము దులిపి, గోడకున్న కొత్త టీవీకి తగిలించాను. పాట మోగింది. బొమ్మ మాత్రం ఇసుక తుఫానులో చిక్కుకున్నట్టు వణికింది. మా ఆవిడ మిషన్ దగ్గరనుంచే మెడ చాచి చూసింది.

"ఏంది గది, పాలు పొంగుతున్నట్టున్నది?"

"ట్యాంకులు."

"ఏడ?"

చూపించలేకపోయాను. నాకూ కనబడటం లేదు.

ఆ కాలపు డబ్బాలు బొమ్మను టీవీ స్టేషన్ లాగా యాంటెన్నా కంత గుండా పంపేవి. దారిలో బొమ్మ నానా దెబ్బలూ తిని టీవీకి చేరేది. డబ్బా విప్పి, బొమ్మ పుట్టే చోటునుంచే ఒక తీగ నేరుగా బయటికి లాగితే అద్దంలా వస్తుందని ఫోనులో వీడియోలు చూసి తెలుసుకున్నాను. ఒక ట్రాన్సిస్టర్, రెండు రెసిస్టర్లు, ఒక కెపాసిటర్. "అంతే," అన్నాడు వీడియోలో మనిషి. నేను నమ్మాను. సోల్డరింగ్ ఐరన్, సోల్డర్ తీగ, చిల్లర సామాను తెప్పించాను. ఏ రోజు ఏం చేయాలో నోటుబుక్కులో వరుసగా రాసుకున్నాను. చివర్లో డబ్బాకు కొత్త రంగు, ముందు ఒక చిన్న ఎర్ర దీపం. మా ఆవిడ ఆ పుస్తకం తిరగేసి, "పెండ్లి పనులు గూడ ఇంత ముద్దుగ రాసుకోలే నువ్వు," అంది.

జనవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె బట్టలు కత్తిరించే బల్ల మీద పని మొదలుపెట్టాను. ఇంట్లో అంత చదునైన చోటు మరొకటి లేదు.

"నా బల్ల మీదనా?"

"ఒక్క గంట."

డబ్బా లోపల జెర్రుల్లాంటి నల్లటి చిప్పులు రెండున్నాయి. ఒక్కోదానికి రెండు వైపులా ఇరవై చొప్పున నలభై కాళ్లు. అందులో ఒక చిప్పు ఇరవై ఒకటో కాలినుంచి బొమ్మ బయటికి వస్తుంది. ఆ కాలికే మన తీగ అతికించాలి. పై వరుస ఎడమనుంచి కుడికి ఇరవై లెక్కపెట్టాను. తర్వాత పుస్తకంలో రెండో పంక్తికి వచ్చినట్టు కింది వరుస ఎడమ చివరికి వచ్చి, ఇరవై ఒకటి అనుకున్నాను. అక్కడే తీగ అతికించాను. స్విచ్చి వేశాను.

టీవీ నల్లగా ఉండిపోయింది. డబ్బాలోంచి మాడిన చింతగింజల వాసన వచ్చింది. కంగారులో ప్లగ్గు పీకడానికి వంగి, చేతిలోని ఐరన్‌ను ఎక్కడ పెడుతున్నానో చూసుకోలేదు. బల్ల చివర మడతపెట్టి ఉన్న తెల్లటి అంగీ మీద పెట్టాను.

మా ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. అంగీ ఎత్తి, కాలిన కంతలో వేలు దూర్చి, ఆ వేలును నా వైపు ఆడిస్తూ అడిగింది: "గీడ ఏ సైజు గుండీ పెట్టాలె సారూ?"

మర్నాడు డబ్బాను సంచిలో వేసుకుని చాచా దుకాణానికి పోయాను. బస్టాండు వెనక సందులో ఆయనది రేడియోల కాలంనాటి రిపేరు దుకాణం. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. తెల్లటి గడ్డం, గోడల పొడుగునా పేర్చిన పాత టీవీలు. ఈ ఊళ్లో పాడైన టీవీలన్నీ ఒకప్పుడు ఆయన చేతిమీదుగా పోయినవే. చిన్నప్పటినుంచీ మేమంతా ఆయనను చాచా అనే పిలుస్తాం.

డబ్బా విప్పి బోర్డును ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. "ట్రాన్సిస్టర్ ఒక్కటే కాలింది. చిప్పుకేం గాలే," అన్నాడు. వాసనతోనే చెప్పేశాడని నేను ఆశ్చర్యపోయాను.

"ఎన్నో కాలుకు పెట్టినవ్ సార్?"

"ఇరవై ఒకటి."

"ఎట్ల లెక్కపెట్టినవ్?"

చెప్పాను. ఆయన చిప్పు అంచువెంట వేళ్లతో తడుముకుంటూ నా తీగ దాకా వచ్చి ఆగాడు. గడ్డం ఊగేలా నవ్వాడు.

"సార్, గిది నలభయ్యోది. కరెంటు అచ్చే కాలు. గా తీగకు నిప్పు తాపినవ్ నువ్వు. చిప్పు కాళ్లు బడి పుస్తకం లెక్క సదవద్దు. బతుకమ్మ చుట్టు ఆడోళ్లు ఎట్ల తిరుగుతరు? గట్ల తిరుక్కుంట లెక్కపెట్టాలె. గీ దిక్కు ఇరవై అయితె, దాని ఎదురుంగ ఉన్నదే ఇరవై ఒకటి."

పిల్లలకు లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి తల వంచుకుని విన్నాను. ఇంటికొచ్చి చెప్పడం నా తప్పు. చుట్టాలకు పరిచయం చేసే ఆ మాట ఆ రోజే పుట్టింది.

"బేస్తారం రా సార్, చేసి పెడ్త," అన్నాడు చాచా. బేస్తారమంటే గురువారం. బడినుంచి వస్తూ గురువారం పోయాను. కరెంటు లేకుండె అన్నాడు. తర్వాతి గురువారం సోల్డర్ మంచిది దొరకలేదు. ఆ తర్వాత ఎవరిదో మిక్సీ అర్జంటు. పోయినప్పుడల్లా స్టూలు మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించేవాడు. చిన్న చిన్న రెసిస్టర్లు నా చేతిలో పెట్టి, "రంగులు సదువు సార్, వస్తదో లేదో సూద్దం," అనేవాడు. రెసిస్టర్ విలువ దాని మీది రంగుల గీతల్లో ఉంటుంది. ఆ చదువు వీడియోల్లో కొత్తగా నేర్చుకున్నాను. గోధుమరంగు, నలుపు, ఎరుపు అని గడగడా చెప్పేవాణ్ని. "శబాష్!" అని వాటిని వేరు వేరు డబ్బీల్లో వేసేవాడు. నేను పరీక్ష రాసి ఫస్టు వచ్చినట్టు మురిసిపోతూ, డబ్బా సంగతి మరచి ఇంటికొచ్చేవాణ్ని.

అయిదు గురువారాలయ్యాక మా ఆవిడకు ఓపిక పోయింది. "నీతోని గాదు. నేనస్త. ఇస్తడా లేదా ఇయ్యాల తేలాలె," అని ఒక శనివారం మధ్యాహ్నం నాతో బయలుదేరింది. దారి పొడుగునా ఏం అడగాలో అప్పజెప్పుకుంటూ నడిచింది. దుకాణంలో మాత్రం ఒక్క మాటా అడగలేదు. చాచా చాయ్ తెప్పించాడు, గ్లాసులోంచి సాసరులోకి ఒంపుకున్నాడు, నాకు రెసిస్టర్ల పరీక్ష పెట్టాడు, వచ్చే బేస్తారం రమ్మన్నాడు. ఆమె సరేనని లేచింది.

సందు మలుపు తిరిగాక అడిగాను. "ఏమైంది? ఏదో తేలుస్తనంటివి?"

"తేలింది. చాచాకు కండ్లు కనవడ్తలేవు."

"ఏం మాటలు? మొన్ననే మిక్సీ చేసిండు."

"మిక్సీ చేతులకు తెలుస్తది. చాయ్ పోసుకునేటప్పుడు సాసరు అంచుకు వేలు పెట్టుకున్నడు, సూడలే? సూదిల దారం ఎక్కియ్యరాని ముసలోళ్లు నా తానికి ఎంతమంది వస్తరు. కనవడ్తలేదని ఒక్కలు చెప్పరు. 'నీకు వస్తదా బిడ్డా, ఎక్కియ్యి సూద్దం' అంటరు. నీతోని రంగులు సదివిస్తుండు గద, గదే గిది."

నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను. బోర్డును ముక్కు దగ్గర పెట్టుకోవడం, చిప్పును వేళ్లతో తడమడం అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. అయిదు వారాలు నేను ఆయనకు కళ్లుగా పనిచేసి, ఫస్టు ర్యాంకు అనుకున్నాను. షేర్ ఆటో హారన్ కొడితే పక్కకు జరిగాను.

తర్వాతి శనివారం ఆమె పాత చీర ముక్క ఒకటి బల్ల మీద పరచుకోవడానికి చేతిలో పట్టుకుని నాతో దుకాణానికి వచ్చింది. "చాచా, నాకు నేర్పు. మా ఆయన చేస్తే ఇల్లు కాలుతది," అంది.

"నువ్వా? బట్టకేసే టాకా వేరు, గీ టాకా వేరు బిడ్డా."

"టాకా టాకానే గద చాచా."

మా దగ్గర కుట్టునూ టాకా అంటారు, సోల్డర్ అతుకునూ టాకా అనే అంటారు. ఆయనకు ఆ జవాబు నచ్చినట్టుంది. కుర్చీ ఆమెకిచ్చి తాను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ముందుగాల కాలును వేడి చెయ్యి. సోల్డర్ తర్వాత. అది దానంతట అదే పారాలె, నువ్వు నూకొద్దు."

"వేడయింది."

"ఇగ తీగ తాకియ్యి. చప్పుడు ఇను. ఛుయ్ అన్నదా?"

"అన్నది."

"తియ్యి. ఊదకు. ఊదితె పగులుతది. ఎట్ల మెరుస్తుంది? అద్దం లెక్కనా, బూడిద లెక్కనా?"

"అద్దం లెక్క."

"శబాష్. బూడిద లెక్కయితె లోపల పట్టలేదన్నట్టు."

ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు. వాసన, చప్పుడు, ఆమె జవాబు, ఈ మూడింటితో పని నడిపించాడు. ఆమె చేయి మిషన్ మీద ఉన్నట్టే కదలకుండా ఉంది. అసలు తీగ దగ్గరికి వచ్చేసరికి చాచా నా వైపు తిరిగి, "ఇరవై ఒకటి ఏడున్నదో జర సూపియ్యి సార్," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. నేను చుట్టూ తిరుగుతూ రెండుసార్లు లెక్కపెట్టి చూపించాను. ఆమె మూడోసారి తానే లెక్కపెట్టుకుని అతికించింది.

దుకాణంలోని చిన్న టీవీకి పెట్టి స్విచ్చి వేశాం. పాట మోగింది. బొమ్మ వచ్చింది. ఒక్క గీత వణకలేదు. కోట ఇటుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడ్డాయి. ముప్పై ఏళ్ల కింద కూడా నేను ఆ ఆటను అంత స్పష్టంగా చూడలేదు. నేను అరిచాను కూడా.

చాచా చెవిని టీవీ వైపు వంచి అడిగాడు. "ఎట్లొచ్చింది?"

"నువ్వే చెప్పు చాచా, ఎట్లున్నది?" అంది మా ఆవిడ మెల్లగా.

"మస్తుగున్నది."

"ట్యాంకు ఏ రంగున్నది?"

ఆయన చేయి చాచి, గోడను తడిమి ప్లగ్గు తీశాడు. "ఇగ దుకాణం బంద్ చేసే యాళ్లయింది," అన్నాడు. అప్పుడు నాలుగే అయింది.

డబ్బా చంకలో పెట్టుకుని ఇంటిదారి పట్టాం. ఆమెను కోప్పడే అవకాశం నాకు అరుదుగా వస్తుంది. "గట్ల అడుగుడేంది? పెద్ద మనిషి, మనసు కష్టపెట్టుకున్నడు," అన్నాను.

"అడగకపోతే ఇంకెన్ని బేస్తారాలు తిప్పుకుంటుండె?" అంది. చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ వారమంతా బొమ్మ అద్దంలా ఉన్నా ఇద్దరం ఆ డబ్బా ముట్టుకోలేదు.

దుకాణం షట్టరు పది రోజులు సగమే తెరిచి ఉంది. పలకరించబోయి రెండుసార్లు వెనక్కి వచ్చాను. ఒకరోజు పొద్దున బస్టాండులో ఆటోవాడితో సీటు గురించి వాదిస్తుంటే వెనకనుంచి, "సార్ గొంతేనా?" అని వినబడింది. చాచా. ఉతికిన పైజామా లాల్చీ, చేతిలో సంచి.

"సంగారెడ్డి బస్సు ఏది సార్? బోర్డు సదువుడు అయితలేదు." ఆగి, గొంతు తగ్గించాడు. "బిడ్డలకు గూడ చెప్పలే. కండ్లు కనవడని మెకానిక్ తానికి ఎవలొస్తరు? ఏడాది సంది గిట్లనే ఎల్లదీస్తున్న. అందరు రిపేరు చేయలేదని తిడ్తరు గని, ఎందుకు చేస్తలేనో పట్టుకున్నది నీ ఇంటిదొక్కతే."

బడికి ఫోన్ చేసి సెలవు చెప్పాను. సంగారెడ్డి బస్సులో పక్కన కూర్చున్నాను. దారిలో వచ్చే ఊళ్ల పేర్లు నాతో చదివిస్తూ, తప్పు చదివితే దిద్దుతూ వచ్చాడు. బోర్డులు కనబడకపోయినా ఏ మలుపు తర్వాత ఏ ఊరో ఆయనకు తెలుసు. దవాఖానలో డాక్టరమ్మ దీపం వేసి చూసి, రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లం, బాగా ముదిరిందనీ, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందనీ చెప్పింది. ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే. "సోల్డరింగ్ చేయస్తదా?" ఆమెకు అర్థం కాలేదు. నేను వివరించాను. వస్తుందంది.

ముందు కుడి కన్ను చేశారు. జహీరాబాద్‌లో ఉండే ఆయన పెద్ద బిడ్డ వచ్చి దగ్గరుండి చూసుకుంది. ఏడాదిగా దాచినందుకు ఆమె ఉర్దూలో తిడుతుంటే ఆయన కంటికి కట్టిన పచ్చ గుడ్డ కింద బుద్ధిగా పడుకుని విన్నాడట. ఆ సంగతి తానే నవ్వుతూ మాకు చెప్పాడు.

నెల తర్వాత ఒక ఆదివారం నల్లకళ్లద్దాలు పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మా ఇంటికి ఆయన రావడం అదే మొదలు. బట్టలు కత్తిరించే బల్ల ముందు కూర్చుని, "ఏది, గా డబ్బా తే," అన్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి విప్పాడు. అద్దాలు నుదుటి మీదికి తోసి, బోర్డును వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. మేమిద్దరం ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా నిలబడ్డాం.

"గీ టాకాలు ఎవలు పెట్టిన్రు?"

"నేనే చాచా. నువ్వు చెప్పినట్టే పెట్టిన."

"నేను గిట్ల చెప్పలే. గిది టాకానా, పెసర పునుగా?"

"గప్పుడు శబాష్ అంటివి గద!"

"గప్పుడు నాకు కనవడ్తలేకుండె!"

ఆ మాట అంత గట్టిగా అని ఆయనే పకపకా నవ్వాడు. మా ఆవిడ బల్ల పట్టుకుని నవ్వింది. ఐరన్ తెమ్మని, అన్నీ మళ్లీ పెడతానని ఆయన చేయి చాచాడు. ఆమె బోర్డు లాక్కుంది. "ముట్టుకోకు చాచా. నా టాకాలు నడుస్తున్నయ్."

"నడుస్తున్నయ్ గని సూస్తానికి మంచిగలేవు బిడ్డా."

"లోపట ఎవడు సూస్తడు?"

"నేను సూస్తున్న గద."

చివరికి ఒక్క అతుకు మాత్రం సరిచేయనిచ్చింది. ఆయన దాన్ని చేస్తుంటే పక్కన వంగి చూస్తూ నేర్చుకుంది. ఆ తర్వాత ఎన్నో శనివారాలు ఆమె ఆ దుకాణంలో ఒక గంట కూర్చుని వచ్చేది. ఆ కథ వేరు.

బోర్డు బిగించాక ఆడదామన్నాడు. జీవితమంతా అటువంటి డబ్బాలు రిపేరు చేశాడు గానీ, నడుస్తుందో లేదో చూడటానికి తప్ప ఏనాడూ కూర్చుని ఆడలేదట. ఆయన ఒక రిమోట్, మా ఆవిడ ఒక రిమోట్ పట్టుకుని మంచం మీద కూర్చున్నారు. మొదటి రెండు ఆటల్లో ఆయన తన కోటను తానే కూల్చుకున్నాడు. మూడోదానికి చేయి కుదిరింది. సరిగ్గా అప్పుడే జహీరాబాద్ నుంచి బిడ్డ ఫోన్ చేసింది, కంట్లో చుక్కలు వేసుకున్నావా అని. "ఏసుకున్న, ఏసుకున్న," అన్నాడు టీవీ మీదినుంచి చూపు తిప్పకుండా.

మా ఆవిడ ఆట ఆపి, ఆయన లాల్చీ జేబులోంచి కొత్త చుక్కల సీసా తీసి చూసింది. మూత సీలు కూడా విప్పలేదు. తల వెనక్కి వంచమని రెండు చుక్కలు వేసి, అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని కదలకుండా కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. ఆమె చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. పాపం, ఆయన ఆట ఆగిపోయిందే అని, సాయం చేద్దామని, రిమోట్ నేను అందుకున్నాను. ఆయన కళ్లు తెరిచేసరికి, అంత కష్టపడి దాచుకున్న మూడు ప్రాణాల్లో ఒక్కటీ మిగల్లేదు.